నాలుగు న్యూట్రాన్ల తేడా

తొమ్మిదో తరగతికి నేను చెప్పే పాఠాల్లో అన్నిటికన్నా సులువైనది న్యూట్రాన్ల లెక్క. ద్రవ్యరాశి సంఖ్యలోంచి పరమాణు సంఖ్యను తీసేస్తే మిగిలేవే న్యూట్రాన్లు. దీనికి సైన్సు బుర్ర అక్కర్లేదు, రెండో తరగతి తీసివేత వస్తే చాలు. అయినా ఏటా సగం క్లాసు తప్పు చేస్తుంది, ఏటా నేను సుద్దముక్కలు విసురుతాను. పిల్లలు నన్ను చాటున ముక్కల సారు అంటారని నాకు తెలుసు. అనుకోనీ. లెక్క వస్తే చాలు.

ఆ పాఠంలోనే ఇంకో వాక్యం కూడా రాయిస్తాను. న్యూట్రాన్లు ఎక్కువైనా తక్కువైనా మూలకం రసాయన గుణాలు మారవు. రెండు మార్కుల ప్రశ్న. ఇన్నేళ్ళూ ఈ వాక్యాన్ని నేను కూడా రెండు మార్కులంతే పట్టించుకున్నాను. నా భార్య జయంతి గొంతులో గడ్డ తేలాక గానీ అందులో ఏముందో నాకే అర్థం కాలేదు.

జయంతి మా అక్క కూతురు. మా వైపు ఇది మామూలే. మా అమ్మ చిన్నప్పుడే పోతే నన్ను ఎత్తుకుని పెంచింది మా నాగరత్నమ్మక్క. తర్వాత తన కూతుర్నే నాకిచ్చి అత్త కూడా అయింది. అయినా నేను అక్కా అనే పిలుస్తాను, ఆమె ఒరేయ్ దామూ అనే పిలుస్తుంది. ఊరికంతా దామోదరం సారునైనా ఆమె కంటికి నేనింకా నిక్కరు ఏసుకున్నవాడినే. బావ పోయినప్పటి నుంచీ అక్క మా దగ్గరే ఉంటోంది. మాకు పిల్లలు లేరు. ఇంట్లో ఉండేది మేం ముగ్గురమే.

మా ఊరు పుత్తూరుకు ఆనుకుని ఉంటుంది. ఎముక విరిగినవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో పుత్తూరు కట్టు కోసం వస్తారు. ఎముక కానిది ఏది చెడినా మేమే తిరుపతి బస్సెక్కాలి. అట్లా బస్సెక్కి పోతే, పెద్దాస్పత్రిలో జయంతి థైరాయిడ్ గ్రంథి మొత్తం కోసి తీసేశారు. క్యాన్సరని తేలింది. మంచి రకం క్యాన్సరేనని అమల అనే డాక్టరమ్మ చెప్పింది. క్యాన్సర్లో మంచి రకమేమిటి, పాముల్లో మంచి పాము లాగా? నాకు ఒళ్ళు మండింది. కానీ ఆమె అన్న తర్వాతి మాటకు ఆ మంటంతా చల్లారిపోయింది. ఊపిరితిత్తుల్లో ఆవగింజలంత మచ్చలు కనిపిస్తున్నాయట. అక్కడికి కత్తి పోలేదు. అయోడిన్ మాత్రమే పోగలదు.

థైరాయిడ్ కణం ఒంట్లో ఎక్కడ దాక్కున్నా అయోడిన్ కోసం నోరు తెరుచుకునే ఉంటుందట. అందుకని రేడియోధార్మిక అయోడిన్ మింగిస్తారు. కణం దాన్ని తిండి అనుకుని తిని, తిన్నదాని చేతిలోనే చస్తుంది.

"అయోడిన్ నూటముప్పై ఒకటి గదా మేడమ్?" అన్నాను. నాకూ తెలుసని చెప్పుకోకపోతే నాకు నిద్ర పట్టదు.

"అదే మాస్టారూ," అందామె.

బయట వరండాలో నిలబడి లెక్క వేశాను. మామూలు అయోడిన్‌ది నూటఇరవై ఏడు. అందులోంచి పరమాణు సంఖ్య యాభై మూడు పోతే డెబ్బై నాలుగు న్యూట్రాన్లు. ఈ మందుది నూటముప్పై ఒకటి. యాభై మూడు పోతే డెబ్బై ఎనిమిది. తేడా నాలుగు. ఆ నాలుగూ ఎక్కువై ఆ పరమాణువు నిలకడగా ఉండలేదు. అది మారిపోయేటప్పుడు వెలువడే కిరణమే పక్కనున్న కణాన్ని కాలుస్తుంది. నా భార్య ప్రాణం నాలుగు న్యూట్రాన్ల మీద ఉంది.

చిక్కంతా ఎక్కడంటే, ఆ కణానికి ఈ తేడా తెలీదు. రసాయన గుణాలు మారవని నేనే కదా రాయించేది. డెబ్బై నాలుగుదైనా డెబ్బై ఎనిమిదిదైనా దానికి ఒకటే. ముందు ఏది వస్తే దానితో కడుపు నింపుకుంటుంది. కాబట్టి మందు ఇచ్చేలోపల ఒంట్లో మామూలు అయోడిన్ లేకుండా ఎండగట్టాలి. గ్రంథి తీసేశాక దాని పని చేస్తున్న థైరాయిడ్ మాత్రలు కూడా ఆపేయాలి. అయోడిన్ ఉప్పు, పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, బేకరీ సరుకు ఏవీ తగలకూడదు.

ఈ సంగతి అక్కకు చెప్పడమే పెద్ద పని అనుకున్నాను. ఆమె తిన్నె మీద కూర్చుని విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తోంది.

"ఒకే వస్తువులో రెండు రకాలేందిరా?" అంది.

"ఈ కాయలు సూడక్కా. పైన పొట్టు ఒకటే. లోపల ఒకదాంట్లో రెండు గింజలు, ఒకదాంట్లో మూడు. అట్లనే."

"చేతిలో పట్టుకుంటే తెలుస్తాది గదా."

"నీకు తెలుస్తాది. జయంతి ఒంటికి తెలీదు. తిరుపతి బస్టాండులో కిటికీలోంచి తువ్వాలేసి సీటు పడతారు గదా, ఉప్పులో ఉండే అయోడిన్ అట్ల ముందే సీటు పట్టేసిందనుకో, ఆస్పత్రోళ్ళు ఇచ్చేదానికి తావుండదు. దిగి పోతాది."

అక్క ఒలవడం ఆపింది. "అయితే ఎవురినీ తువ్వాలెయ్యనీకూడదు. అంతే గదా."

"అంతే."

ఆ రోజు నుంచి మా ఇంట్లో అయోడిన్‌కు ప్రవేశం లేదు. అక్క దాన్ని వైద్యంగా కాదు, ఉప్పిడి ఒక్కపొద్దుగా పట్టింది. కూతురు ఉప్పు తినకపోతే తానూ తిననంది. ఊరగాయ జాడీలు మిద్దెక్కాయి. ఎదురింటి అలివేలమ్మ ప్రేమగా పెరుగు తెస్తే గుమ్మంలోంచే వెనక్కి పంపింది. నా ఒక్కడికి వేరే గిన్నెలో ఉప్పేసి వండి, ఆ గిన్నెను వేరుగా తోమి, వేరుగా బోర్లించేది. సొంత ఇంట్లో అంటరాని చుట్టమైపోయాను. నాకేం కష్టం కలగలేదు. ఆమెను చూస్తే ధైర్యంగా ఉండేది.

మాత్రలు ఆపాక జయంతి రోజురోజుకూ మందగించింది. ముఖం ఉబ్బింది. మే నెల ఎండల్లో చలి అని మేజోళ్ళు తొడుక్కుని శాలువా కప్పుకునేది. నేను ఒక మాట అడిగితే, అడిగిన సంగతి నేను మరిచి ఇంకో పనిలో పడ్డాక జవాబు చెప్పేది. అట్లాంటి మనిషి ఒకరోజు, "భారతంలో గుండం తొక్కల్ల మామా," అంది.

మా ఊళ్ళో ధర్మరాజుల గుడి ఉంది. ఎండాకాలంలో అక్కడ భారతం జరుగుతుంది. రోజూ హరికథ, అర్జునుడు తపస్సు మాను ఎక్కడం, మట్టితో చేసిన దుర్యోధనుణ్ణి పడగొట్టడం, అన్నీ అయ్యాక చివరి రోజు పొద్దు వాలే వేళకు అగ్నిగుండం. కంకణం కట్టుకున్నవాళ్ళు పసుపు బట్టలతో నిప్పుల మీద నడిచి పోతారు. ఆపరేషనుకు ముందు రోజు ఆస్పత్రి మంచం మీద జయంతి ద్రౌపదమ్మకు మొక్కుకుందట.

నేను అరిచాను. అరవడం నాకు బాగా వచ్చు. "మిద్దె మెట్లెక్కనీకే ఆయాసపడతా ఉండావే, నిప్పుల మీద నడుస్తావా? బుద్ధుండాదా నీకు?"

ఆమె మామూలుగానే చాలాసేపు తీసుకుని, "నీ లెక్క మీద నీకు నమ్మకముండాది మామా. నాకు లెక్క తెలీదు. నాకూ రొంత ధైర్యం కావల్ల గదా," అంది.

అక్క కూతురి పక్కే. నేను నోరు మూసుకున్నాను. ధైర్యం కావాలనే మనిషికి ఇవ్వడానికి నా దగ్గర తీసివేత తప్ప ఇంకేముంది?

ఆ సాయంత్రం గుడి ముందర జనం కిక్కిరిసిపోయారు. గుండం తొక్కేవాళ్ళు పలక డప్పుల మోత మధ్య నాలుగు అంగల్లో దాటేసి, చివర ఉన్న పాలగుంటలో కాళ్ళు ముంచి పక్కకు పోతున్నారు. జయంతి వంతు వచ్చింది. ఆమె పరుగెత్తలేదు. కొళాయికి నీళ్ళకు పోయేదాని మాదిరి, ఒక్కో అడుగూ వేసుకుంటూ నిదానంగా నడిచింది. జనం దాన్ని భక్తి అనుకుని గోవిందా అని కేకలు పెట్టారు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గర్వంతోనే, అబద్ధమెందుకు.

అది భక్తి కాదు. మాత్రలు ఆపిన ఒళ్ళు. పరుగెత్తాలని మనసు చెప్తున్నా కాళ్ళు వినలేదట. కుడి పాదం అడుగు భాగం కాలిపోయింది.

ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అయినా జరిగింది అప్పుడే కాబట్టి ఇక్కడే చెప్పేస్తున్నాను. మీరైనా ముందుగా తెలుసుకోండి. మా ఊళ్ళో గుండంలో కాలు కాలిందంటే నిష్ఠ తప్పారని అర్థం. ఏం తినకూడనిది తినిందో, ఏం చెయ్యకూడనిది చేసిందో అని ఆరా తీస్తారు. ఏళ్ళు గడిచినా ఆ మాట పోదు. అందుకని కాలినవాళ్ళు పళ్ళ బిగువున నడిచి ఇంటికి పోతారు, ఎవరికీ చెప్పరు. జయంతి వాళ్ళమ్మకొక్కదానికే చెప్పింది. అక్క అంగట్లోకి పోయి, పొయ్యి దగ్గర చెయ్యి కాలిందని చెప్పి కాలినదానికి పూసే గోధుమరంగు మందు తెచ్చింది. రోజూ నేను బయటికి పోయాక పుండు కడిగి, మందు దట్టంగా పూసి, పైన పసుపు రాసి మేజోడు తొడిగేది. మేజోళ్ళు ముందు నుంచీ ఉన్నవే కాబట్టి నాకు అనుమానం రాలేదు. కుంటుతోందేమని అడిగితే ముల్లు గుచ్చుకుందన్నారు.

ఆ ట్యూబు మీద చిన్న అక్షరాల్లో మందు పేరు ఉంది. పోవిడోన్ అయోడిన్. మామూలు అయోడిన్, డెబ్బై నాలుగు న్యూట్రాన్లది. కాలిన చర్మంలోంచి అది నేరుగా ఒంట్లోకి దిగుతుంది. ఊరగాయ జాడీలన్నీ ఊడ్చి తిన్నా అంత అయోడిన్ రాదు.

ఇంకొన్నాళ్ళకు తిరుపతి పోయాం. పెద్ద మోతాదు ఇచ్చే ముందు కొంచెం మందు తాగించి, అది కణాలకు పడుతోందా లేదా అని ఫొటో తీసి చూస్తారు. పడితే జయంతిని, కిరణాలు బయటికి రాకుండా సీసపు గోడల గదిలో విడిగా ఉంచి అసలు మందు ఇస్తారు. ఆ గదికి కావలసిన బట్టలు, పళ్ళెం, చెంబు సంచిలో సర్దుకునే వచ్చాం.

డాక్టరమ్మ ఒక్కొక్కటీ అడిగింది. ఉప్పు? ముట్టలేదు. పాలు? లేదు. గుడ్లు, చేపలు? మా వీధిలోకే రానీలేదు. దగ్గు మందు? లేదు. అక్క ఒక్కో జవాబూ తల ఎత్తి చెప్పింది.

"నేను కూడా ఉప్పిడి కూడే తింటా ఉండానమ్మా," అంది.

డాక్టరమ్మ నవ్వింది. "మీలాంటి అమ్మ అందరికీ ఉంటే నా పని సగం తగ్గిపోతుంది." తర్వాత, "ఒంటి మీద ఎక్కడైనా దెబ్బలు, పుండ్లు ఉన్నాయా? ఏమైనా మందు పూస్తున్నారా?" అని అడిగింది.

జయంతి వాళ్ళమ్మ వైపు చూసింది.

"ఏమీ లేవమ్మా," అంది అక్క.

నేను కూడా లేవన్నట్టు తల ఊపాను. నాకు తెలిసింది ముల్లు సంగతే, దాన్ని పుండుగా లెక్కపెట్టలేదు.

మందు తాగించి పంపించారు. మళ్ళీ పిలిచి ఫొటో తీశారు. కంప్యూటర్ తెర మీద జయంతి ఒళ్ళంతా లేత బూడిద రంగు నీడగా కనిపించింది. కడుపు దగ్గర, మూత్రాశయం దగ్గర నల్లటి మచ్చలు. మెడ దగ్గర ఏమీ లేదు. ఛాతీలో ఏమీ లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"మెడంతా శుభ్రంగా ఉందే మేడమ్! తగ్గిపోయినట్టేనా?"

"శుభ్రంగా ఉండకూడదు మాస్టారూ," అంది డాక్టరమ్మ. "ఎంత బాగా ఆపరేషను చేసినా కొంచెం గ్రంథి మిగులుతుంది. కనీసం అదైనా మందు పట్టుకోవాలి. ఏదీ పట్టుకోలేదు. అంతా బయటికి వెళ్ళిపోతోంది."

మూత్రంలో అయోడిన్ పరీక్ష చేయించింది. ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు ఎక్కువ వచ్చింది. ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి మా ముగ్గురి ముఖాలూ చూసింది. "ఎక్కడి నుంచో లోపలికి పోతోంది. మీరు ఇంత పథ్యం చేశామంటున్నారు. నాకు అర్థం కావడం లేదు. ఇప్పుడు అసలు మందు ఇచ్చినా వృథా. మాత్రలు మళ్ళీ మొదలుపెట్టండి. మూడు నెలలాగి మొదటి నుంచి చేద్దాం."

"అంతవరకూ ఆ ఊపిరితిత్తుల్లో..."

"మామూలుగా అయితే మెల్లగా పెరుగుతాయి." ఆమె కాగితం మడిచింది. "మామూలుగా అని మాత్రమే నేను చెప్పగలను."

ఏ బల్లనో గుద్దాలనిపించింది. ఎవరి మీద అరవాలో తెలీలేదు. సర్దుకున్న సంచి సర్దుకున్నట్టే భుజాన వేసుకుని బస్సెక్కాం.

జయంతి కిటికీ పక్కన కూర్చుంది. "అమ్మోరు ఒప్పలే మామా," అంది.

"అమ్మోరికీ అయోడిన్‌కీ ఏం సంబంధమే?" అని కసిరాను. ముందు సీటాయన వెనక్కి తిరిగి చూశాడు. జయంతి జవాబు చెప్పలేదు. రేణిగుంట దాటాక, "ఉండాది," అంది.

అక్క తల తిప్పుకుంది.

మర్నాడు పొద్దున బజారుకని బయలుదేరి, చేతిసంచి మరిచిపోయి వెనక్కి వచ్చాను. పెరట్లో అక్క పీట మీద కూర్చుని ఉంది. జయంతి కుడి కాలు ఆమె ఒళ్ళో ఉంది. మేజోడు పక్కన పడుంది. పాదం అడుగున పచ్చి పుండు. అక్క వేలి మీద గోధుమరంగు మందు.

నన్ను చూసి ఇద్దరూ బిగుసుకుపోయారు. నేను పోయి ట్యూబు తీసుకుని చదివాను. మళ్ళీ చదివాను.

"ఏందిది?" అన్నాను.

దాచిపెట్టినందుకు కోప్పడుతున్నానని అనుకుంది అక్క. "ఆ పొద్దు గుండంలో కాలిందిరా దామూ. ఊళ్ళో తెలిస్తే బిడ్డను ఏమంటారో అని చెప్పలే. నీ నోరు ఆగదు గదా, నీకూ చెప్పలే. తిట్టితే నన్ను తిట్టు."

"అమ్మను ఏమనద్దు మామా," అంది జయంతి. "నా నిష్ఠలోనే ఏదో తప్పుండాది. అందుకే కాలింది. అందుకే ఆడ మందు కూడా పట్టలే. ఇంక నాకు ఏ మందూ పట్టదు."

ఆ మాట ఆమె ఏడుస్తూ అనలేదు. రేపు ఎండ కాస్తుంది అన్నంత మామూలుగా అంది. ఎంత భయమేసిందో చెప్పలేను.

ట్యూబు చేతిలో పట్టుకుని నిలబడ్డాను. ఉన్నమాట చెప్తే, ఉప్పిడి కూడు తిని కూతుర్ని కాపాడుకుంటున్న మనిషికి, నీ చేతులతోనే పాడు చేశావని చెప్పడమే. నన్ను పెంచిన చేతులవి. చెప్పకపోతే అమ్మోరు తనను కాదందని జయంతి నమ్మేస్తుంది, నమ్మి అట్లాగే కుంగిపోతుంది. పోనీ ఈ మందు పాతబడిందని అబద్ధం చెప్పి పారేద్దామా? అక్క సాయంత్రానికల్లా కొత్త ట్యూబు తెస్తుంది. ఎటు తిరిగినా గోడే.

"ఇందులో ఉండేది కూడా అయోడినే అక్కా," అన్నాను.

అక్క తన వేలి వైపు చూసుకుంది. "ఏది? ఉప్పులో ఉండేదా?"

"అదే. డెబ్బై నాలుగుది."

"తినలేదు గదరా. పైన పూసినా."

"పుండులోంచి లోపలికి పోతాదక్కా."

అక్క ఆ వేలిని నేలకేసి రుద్దింది. "అయితే తువ్వాలేసింది ఇదా?" అంది.

తల ఊపాను. ఏడుస్తుందనుకున్నాను. గుండెలు బాదుకుంటుందనుకున్నాను.

"అయితే అమ్మోరు కాదా?" అంది.

"కాదు."

"దీని నిష్ఠలో తప్పు లేదా?"

"లేదక్కా. మాత్రలు ఆపితే కాళ్ళు బిరబిరా నడవలే. నిదానంగా నడిస్తే ఎవురికైనా కాలతాది. కాలితే నువ్వు మందు పూసినావు. అంతే జరిగింది."

అక్క జయంతి వైపు తిరిగింది. ఆమె ముఖం వెలిగిపోయింది. నేను చూస్తుండగానే పదేళ్ళ వయసు తగ్గినట్టయింది. "విన్నావా మే? నీ నిష్ఠ మంచిదేనంట! అమ్మోరికి నీ మీద కోపం లేదు. నేనే చేసినా. ఈ చేత్తో నేనే చేసినా. నీ తప్పు ఏమీ లే!" అని కూతురి గడ్డం పట్టుకుని ఊపింది. తప్పు తనదని తెలిసి అంత సంతోషపడిన మనిషిని నేను ఎక్కడా చూడలేదు. జయంతి వాళ్ళమ్మ భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నేను కూడా ఏడ్చాను.

పుండును మరగకాచి చల్లార్చిన నీళ్ళతో కడిగాం. డాక్టరమ్మకు ఫోను చేసి చెప్పాను. ఆమె వేరే మందు పేరు చెప్పి, పథ్యం మళ్ళీ తేదీ దగ్గరపడ్డాక మొదలుపెట్టండి, అంతవరకూ అన్నీ తినొచ్చు అంది. ఒంట్లో చేరింది పోవడానికి మూడు నెలలు మాత్రం ఆగాల్సిందే, వేరే దారి లేదు అంది. ఆ మచ్చలు అంతవరకూ ఊరుకుంటాయో లేదో నేను మళ్ళీ అడగలేదు. అడిగితే మళ్ళీ మామూలుగా అనే చెప్తుంది. నాకు ఆ మాట ఇంకోసారి వినే ఓపిక లేదు.

మధ్యాహ్నం వంటింట్లోంచి అక్క పిలిచింది. పొయ్యి వెలిగించలేదు. బియ్యం చేటలో అట్లాగే ఉన్నాయి.

"ఈ బియ్యంలో ఉండాదా దామూ?"

"లేదక్కా. ఉన్నా ఇప్పుడు ఏమీ కాదు. డాక్టరమ్మ అన్నీ తినమనింది."

"చింతపండులో?"

"లేదు."

"నీళ్ళల్లో?"

ఇక్కడ నేను తడబడ్డాను. బడిపంతులు బుద్ధి, అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "ఉంటే ఏదో రొంత ఉంటాది. లెక్కలోకి రాదు."

అక్క చెంబు మీద నుంచి చెయ్యి తీసేసింది. "కంటికి కనిపిస్తాదా?"

"కనిపించదు."

"వాసన?"

"ఇంత తక్కువుంటే ఉండదు."

"మరి నాకెట్ల తెలుస్తాదిరా?"

పొద్దున వెలిగిన ముఖం అది కాదు. సంతోషమంతా కూతురి కోసం, అది అయిపోయింది. ఇప్పుడు మిగిలింది తన వాటా. సంఖ్య చెప్తే నేను యాభై మూడు తీసేసి న్యూట్రాన్లు ఎన్నో చెప్పగలను. చెంబు చూపించి ఉందా లేదా అంటే మాత్రం అక్కకు ఎంత తెలుసో నాకూ అంతే తెలుసు.

ఆమె రెండు చేతులూ నా ముందు చాపింది. సబ్బేసి, చింతపండేసి తోమినట్టుంది, ఎర్రగా కమిలి ఉన్నాయి. "సూసి చెప్పు. పోయిందా?"

చేతులు పట్టుకుని, కనిపించేదాన్ని చూస్తున్నవాడిలాగా అటూ ఇటూ తిప్పి చూశాను. "పోయిందక్కా."

"కనిపించదంటివి గదా."

ఆమె చేతులు వదిలేశాను.

చివరికి వండింది. అన్నం, పప్పుచారు. మాత్రలు ఆపి జయంతికి చేతులు బరువెక్కినప్పటి నుంచీ, పూటపూటా ముద్దలు కలిపి నోట్లో పెట్టేది అక్కే. ఆ పూట పళ్ళెంలో చెంచా వేసుకుని వచ్చింది. ఎవరి పెళ్ళిలోనో ఇచ్చిన చెంచా అది, మా ఇంట్లో ఎవరూ వాడరు. మంచానికి రొంత ఎడంగా కూర్చుంది.

జయంతి ఆ చెంచాను చూసింది. "చేత్తో పెట్టు మా."

"ఇదే మంచిది లే. నోరు తెరు."

అలవాటు లేని చెయ్యి. చెంచా వణికింది, చారు చీర మీద చిందింది. జయంతి నావైపు చూసింది. ఏదో ఒకటి చెప్పమని అడుగుతున్నట్టే ఉంది ఆ చూపు. గుమ్మంలో నిలబడి ఉండిపోయాను. ఆమె నోరు తెరిచింది.

ఒక మెతుకు జయంతి గడ్డానికి అంటుకుంది. తుడవడానికి అక్క చెయ్యి చాపి, మధ్యలో ఆపి, వెనక్కి తీసుకుంది.